దూది ఇంటి నీలం తెర

పాపా, నువ్వు నిన్న నవ్వులాటకు అడిగావు చూడు, "అవ్వా, కాలేజీలో సీ లాంగ్వేజ్ మొదలుపెడతా ఉండారు, ఇంట్లో కంప్యూటర్‌కి ఏమి వేసుకోమంటావు?" అని. చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న ముసలిదాన్ని అడిగితే ఏం చెబుతుందో చూద్దామని అడిగావు. నాకు నవ్వు రాలేదు. ఆ ప్రశ్న నేను ఇంతకు ముందే విన్నాను. ఇదే వీధిలో, ఒక దూది ఇంట్లో విన్నాను. ఆ రోజు దానికి జవాబు చెప్పిన మనిషి పోయిన వారం చిత్తూరులో కూతురింట్లో కన్నుమూసింది. కబురు విన్నప్పటి నుంచి నా కళ్ల ముందు దూది ఎగురుతూనే ఉంది.

అందుకే కూర్చోమన్నాను. నేను చెప్పుకుంటూ పోతాను, నువ్వు టకటకా కొట్టుకో. వెనకా ముందూ అయితే నువ్వే సర్దుకో. పేరు మాత్రం రాయొద్దు. మన కొర్లగుంట వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచిన వాళ్లు ఎవరూ లేరు. నాకంటే బాగా చిన్నదే, అయినా వీధంతా 'ఆపా' అంటుంటే నేనూ ఆపా అనేదాన్ని. ఆపా అంటే అక్క. తను నన్ను 'అక్కా' అని పిలిచేది. ఒకరికొకరం అక్కలమే, ఇద్దరిలో చెల్లెలెవరో మాకే తెలియదు.

వాళ్లది పరుపుల ఇల్లు. వీధి వైపు గది అంగడి. సత్యవేడు వైపు నుంచి బూరుగుదూది మూటలు దిగేవి. ఆపా వాళ్లాయన దూది ఏకేవాడు, అత్త దిండ్లలో కూరి మూతి కుట్టేది. వెనక గదిలో ఆపా కంప్యూటర్. పెళ్లికి ముందు చిత్తూరులో ఒక కంప్యూటర్ సెంటర్‌లో పిల్లలకు పాఠాలు చెప్పేదట. చదువు చెప్పే మనిషే గానీ మాట మాత్రం చివరిదాకా చిత్తూరు మాటే. పెళ్లిచూపుల్లో తల వంచుకుని కూర్చోకుండా పెళ్లికొడుకునే అడిగిందట, "మీ ఇంట్లో దుమ్ము పడని మూల ఒకటన్నా ఉండాదా?" అని. దూది ఇంట్లో దుమ్ము పడని మూల ఎక్కడుంటుంది? ఆయన లేదనలేక ఉందన్నాడట. "ఆ ఒక్క అబద్ధంతోనే నన్ను పెళ్లి చేసుకున్నాడక్కా" అని చెప్పి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేది.

ఆ లేని మూలను ఆమే తయారు చేసుకుంది. పరుపు గుడ్డతో కంప్యూటర్‌కు మెత్తటి తొడుగు కుట్టింది, బొంత లాగా. మీటల పలకకు వేరే తొడుగు, మౌసుకు ఇంత చిన్న తొడుగు. చెవి వెనక ఎప్పుడూ ఒక చిన్న రంగుల కుంచె ఉండేది. మాట్లాడుతూ మాట్లాడుతూ దాన్ని తీసి మీటల మధ్య దూది పోగుల్ని ఊడ్చి మళ్లీ చెవి వెనక పెట్టుకునేది. ఊడ్చిన చోటే మళ్లీ వాలేవి. ఆమెకూ విసుగు లేదు, వాటికీ లేదు.

మధ్యాహ్నాలు ఆ గది ఎట్లా ఉండేదో నీకు ఎట్లా చెప్పేది పాపా! బయట ఎండ నిప్పులు కురిపిస్తూ ఉంటుంది. కిటికీకి ఆకుపచ్చ పరదా. ఆ పరదా సందులోంచి ఒక ఎండ చార లోపలికి వస్తుంది. ఆ చారలో దూది పోగులు కిందికి రావు, పైకి పోవు, అట్లాగే తేలుతుంటాయి. గది చల్లగా, అత్తరు వాసనగా ఉంటుంది. ఆ చీకటి మూల కంప్యూటర్ తెర నీలంగా వెలుగుతుంటుంది. ఆకాశం ముక్క ఒకటి కత్తిరించి గోడకు తగిలించినట్టు. దాని ముందు నుంచి దూది పోగు ఒకటి మెల్లగా పోతుంటే మబ్బు పోయినట్టే ఉండేది. నేను గోడకు ఆనుకుని కూర్చుంటే నిద్రా కాదు, మెలకువా కాదు. ఆపా గొంతు ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు వినిపించేది. ఇప్పుడు కూడా చెబుతుంటే నాకు అట్లాగే అవుతోంది. ఉండు, కాసిని నీళ్లు తాగనీ.

ఆఁ, రాసుకో. వాళ్లింటి పద్ధతి ఒకటుంది. దిండు కావాలని ఎవరైనా వస్తే ఊరికే తీసి ఇవ్వరు. "ఎట్ల పడుకుంటావప్పా? ఎల్లకిలానా, పక్కకు తిరిగా? దిండు కింద చెయ్యి పెట్టే అలవాటు ఉండాదా? మెడ నొప్పి ఉండాదా?" అని అడుగుతారు. చెబితేనే ఎంత దూది కూరాలో వాళ్లకు తెలుస్తుంది. కొత్తవాళ్లు సిగ్గుపడిపోయేవాళ్లు. ఒకసారి ఒక పెద్దమనిషి కోపం తెచ్చుకుని, "ఏమప్పా, నేను దిండు కొనేదానికి వచ్చినానా, సంబంధం మాట్లాడేదానికి వచ్చినానా?" అన్నాడు. ఆపా అత్త సూది దించకుండానే, "సంబంధం అయితే ఇంత అడగము నాయనా. దిండు రోజూ వాడేది" అంది.

వెనక గదిలో ఆపాదీ అదే పద్ధతి. ఇంజనీరింగ్ పిల్లలు, డిగ్రీ పిల్లలు వచ్చి, "ఆపా, ఇంట్లో కంప్యూటర్ కొన్నాము, సీ వేసి ఇయ్యి" అనేవాళ్లు. నేను వినీ వినీ తెలుసుకున్నది ఏమంటే, సీ అనేది ఒకటే గానీ, దాన్ని రాసుకుని నడుపుకోవడానికి ఒక ఇల్లు కావాలి. ఆ ఇళ్లు రకరకాలు. ఒకటి టర్బో అని పాతది, నీలం తెరది. దాంట్లో అన్నీ మీటలతోనే, రెండు మూడు ఒక్కసారి నొక్కాలి. ఇంకోటి కొత్తది, తెల్లటి తెర, రంగురంగుల అక్షరాలు, బ్రాకెట్ తెరిస్తే తనే మూస్తుంది. ఇంకోటి ఉత్త నల్ల తెర, దాంట్లో ఏమీ ఉండదు, మనం చెప్పిందే ఉంటుంది. ఏది వెయ్యాలో ఆపా వెంటనే చెప్పేది కాదు. "కంప్యూటర్ యాడ పెట్టినారు? ఇంకా ఎవురు వాడతారు? తప్పు పోతే పక్కనుండి సెప్పేవాళ్లు ఉండారా? తొందర ఉండాదా, లేదా?" అన్నీ అడిగేది. ఒక పిల్లవాడికి నీలం, వాడి అన్నకే నల్లది. ఎందుకని అడిగితే, "వాళ్లిద్దరి మెడలూ ఒకటేనా అక్కా?" అనేది.

ఇంకొక చాదస్తం. ప్రోగ్రాం రాసిన పిల్లలు ఎప్పుడెప్పుడు నడుపుదామా అని మీట మీద వేలు పెడితే, ఆపా ఆ వేలు పట్టుకునేది. "ముందు నువ్వు సెప్పు. తర్వాత అది సెప్తాది" అనేది. కళ్లు మూసుకుని, తెర మీద ఏం రాబోతోందో నోటితో చెప్పాలి. చెప్పకపోతే వేలు వదిలేది కాదు. ఆపా కూడా వాళ్లతో పాటు కళ్లు మూసుకునేది. ఆ గదిలో ఎవరు వెళ్లి చూసినా ఇద్దరు కళ్లు మూసుకుని కూర్చుని ఉంటారు, కంప్యూటర్ ఒక్కటే కళ్లు తెరిచి చూస్తుంటుంది.

ఇక మీ అమ్మ సంగతి.

మీ అమ్మ హేమ వడమాలపేట పిల్ల. కంప్యూటర్ డిగ్రీ చదివింది. అన్నీ పాసయింది, సీ ల్యాబ్ పరీక్ష ఒక్కటి మిగిలిపోయింది. పరీక్ష పొద్దున అమ్మవారు పోసి పడుకుంది. తర్వాత మా ఇంటికి కోడలుగా వచ్చింది, తర్వాత నువ్వు కడుపున పడ్డావు. ఆ ఒక్కటి పోతే డిగ్రీ పట్టా చేతికి రాదు. పట్టా లేకపోతే ఉద్యోగానికి గుమ్మం కూడా ఎక్కనివ్వరు. నువ్వు పుట్టిన కొత్తలో కాలేజీ నుంచి కబురు వచ్చింది, పాత వాళ్లకు ఇదే ఆఖరి అవకాశం, మళ్లీ పరీక్ష పెట్టరని. మీ అమ్మ నీకు పాలిస్తూ, "అత్తా, ఇది పోతే నేను చదివిన మూడేండ్లూ చదవనట్టే. ఉద్యోగం చేయాలని నాకెంత ఆశ ఉండాదో నీకు తెలుసు" అంది. నాకు తెలుసు. రోజూ పొద్దున్నే బస్టాండుకు ఆఫీసు బ్యాగులతో పోయే ఆడపిల్లల్ని వాకిట్లో నిలబడి చూసేది, ముగ్గు పిండి చేతిలోనే పెట్టుకుని.

మన ఇంట్లో అప్పుడు ఒక పాత కంప్యూటర్ ఉండేది. మీ తాత ఫోటో స్టూడియోది. కొండ మీద గుండు కొట్టించుకుని దిగి వచ్చిన కుటుంబాలు స్టూడియోలో వరసగా నిలబడి ఫోటో తీయించుకునేవి. తాత, నాయన, పిల్లలు, చంకలో పసిబిడ్డ, అందరికీ గుండ్లే, గుండ్ల మీద గంధం. ఆ ఫోటోలన్నీ ఆ కంప్యూటర్‌లోనే. మీ గిరి మామ, మీ అమ్మ తమ్ముడు, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అక్క పరీక్ష అనగానే ఆదివారం బస్సెక్కి వచ్చి కొత్త రకం వేసి ఇచ్చాడు. తెల్ల తెరది. "అక్కా, ఇది నీ తప్పులన్నీ ముందే చూపిస్తాది. ఇంక భయమే లేదు" అన్నాడు. మీ అమ్మ చీర ఉయ్యాల తాడు కాలి బొటనవేలికి తగిలించుకుని, నిన్ను ఊపుతూ, ప్రోగ్రాములు రాసేది. బాగానే వచ్చేవి. ఇల్లంతా సంతోషం.

గిరి మళ్లీ వచ్చిన రోజున ముగ్గురం ఆపా ఇంటికి వెళ్లాం, ఒకసారి చూపించి వద్దామని. నువ్వు నా ఒళ్లో. ఆపా సాసర్లో టీ పోసుకుని ఊదుకుంటోంది. మీ అమ్మ అంతా చెప్పింది.

"పరీక్ష యాడ?" అంది ఆపా.

"కాలేజీ ల్యాబ్‌లో ఆపా."

"ఆడ కంప్యూటర్లలో ఏది ఉండాది?"

"సూడలేదాపా. అప్పుడెప్పుడో నీలంది ఉండె. ఇంకా అదే పెట్టుకోనుంటారా? అయినా సీ అంటే సీనే కదా."

"దిండంటే దిండే. పరాయి ఊర్లో పడుకుంటే నీకు నిద్ర పడతాదా?"

గిరికి కొంచెం రోషం వచ్చింది. "ఆపా, ఆ నీలందాన్ని లోకంలో ఎవురూ వాడడం లేదు. మా ఆఫీసులో ఆ పేరు సెప్తే నవ్వుతారు. మ్యూజియంలో పెట్టేది అది."

నేను గిరి మోకాలు గిల్లాను. ఆపా మాత్రం టీ ఒక గుక్క తాగి, "నువ్వు సెప్పేది నిజమేనప్పా. నవ్వాల్సిందే. పాతది, దాని పద్ధతులు కూడా పాతవే. నేను కాదనను" అంది.

గొడవకు సిద్ధమైన గిరి చప్పబడిపోయాడు. "మరి?"

"మీ అక్కకు మీ ఆఫీసులో పెడతా ఉండారా పరీక్ష?"

"లేదు."

"మీ ఆఫీసులో పెట్టిననాడు నీ మాటే వింటాము. హేమా, రేపు పొయ్యి ఆ ల్యాబ్ సూసి రాపో. అటెండర్‌ని బతిమాలుకో, కిటికీలోంచి అయినా సూడు."

మరుసటి రోజు మీ అమ్మ వెళ్లి వచ్చింది. చెప్పులు విప్పకుండానే వాకిట్లో నిలబడిపోయింది. "వరసంతా నీలమే అత్తా" అంది.

ఆ సాయంత్రం ఆపా గుడ్డ తొడుగులో పెట్టిన ఒక సీడీ తీసుకుని మన ఇంటికి వచ్చింది. మీ తాత గాబరా పడిపోయాడు. "ఏమ్మా, ఇది ఏస్తే నా గుండోళ్లంతా పోతారా?" అన్నాడు. "మీ గుండ్లు యాడికీ పోవన్నా. ఇది పిడికెడు లేదు, ఒక గుండు మీద గంధమంత" అంది ఆపా. ఒక మీట నొక్కగానే గుండ్లు, గంధాలు, పసిబిడ్డలు అన్నీ మాయమై తెరంతా నీలం నిండింది. మీ తాత గుండె పట్టుకున్నాడు. ఇంకోసారి నొక్కితే గుండ్లన్నీ నవ్వుతూ తిరిగి వచ్చాయి. ఆ తర్వాత చాలా రోజులు మీ తాత దాన్ని అట్లా నొక్కి చూసుకునేవాడు, నీలం, గుండ్లు, నీలం, గుండ్లు, చిన్నపిల్లవాడి లాగా.

అసలు కష్టం అప్పుడు మొదలైంది పాపా. తెల్ల తెరలో పరుగెత్తిన ప్రోగ్రాములే నీలం తెరలో ఒక్కటీ కదల్లేదు. తెర కింద ఎర్రగా తప్పులు. మీ అమ్మ ఏడ్చుకుంటూ ఆపా దగ్గరికి పోయేది, నేను నిన్ను ఎత్తుకుని వెనక. సీలో లెక్కకు వాడుకునే పేర్లను మధ్యలో ఎక్కడ పడితే అక్కడ చెబితే పాతది ఒప్పుకోదట, అన్నీ మొదట్లోనే చెప్పాలట. ఆపా నన్ను చూపించి, "ఇది మీ అత్త వంటిల్లు అనుకో మే. పొయ్యి ముట్టించినాక ఉప్పు యాడ, పప్పు యాడ అంటే ఊరుకుంటాదా? అన్నీ ముందర పెట్టుకోనే పొయ్యి ముట్టించాల" అంది. నన్నెందుకు మధ్యలోకి లాగుతావని నేను అరిచాను గానీ, మీ అమ్మ ఏడుపులోనే నవ్వింది.

ఇంకోసారి ఏదో గుణకారం. వరసగా అంకెలను గుణించుకుంటూ పోవాలి. కొంత దూరం సరిగ్గా వచ్చి, ఉన్నట్టుండి జవాబు మైనస్‌లోకి పడిపోయింది. పెంచుకుంటూ పోతే తగ్గడమేమిటి? మీ అమ్మ అదే ప్రోగ్రాంను తెల్ల తెరలో నడిపితే చక్కగా వచ్చింది. "నాకు పిచ్చి పట్టేట్టు ఉండాది ఆపా" అంది. ఆపా లేచి ముందు గదిలోకి వెళ్లి ఒక చిన్న దిండు గలీబు, ఒక ఒడి నిండా దూది తెచ్చింది. మీ అమ్మ చేతికిచ్చి, "కూరు" అంది. కూరింది. "ఇంకా కూరు." ఇంకా కూరింది. కుట్టు ఫటేలుమని విడిపోయి దూదంతా మీ అమ్మ ఒళ్లోకి, జుట్టులోకి, నీ మొహం మీదికి. నువ్వు తుమ్మావు. "నువ్వు కూరిందెంత, ఇప్పుడు గలీబులో మిగిలిందెంత? ఈ పాతదాంట్లో అంకెల గలీబు సిన్నది. దానికి పెద్ద గలీబు ఇయ్యి" అని, ఆ పేరు ముందు 'లాంగ్' అని రాయించింది. వేలు పట్టుకుని, కళ్లు మూయించి, జవాబు చెప్పించి, అప్పుడు వదిలింది. తెర మీద మీ అమ్మ చెప్పిన అంకే వచ్చింది. మీ అమ్మ కళ్లు తెరిచి చాలాసేపు దాన్ని చూస్తూ ఉండిపోయింది. జుట్టు నిండా దూది, మొహం మీద నీలం వెలుగు. ఎవరో తెలియని పిల్లలాగా కనిపించింది నాకు. నీ ఒంటి మీది దూది ఏరుతూ, ఈ పిల్ల ఇంత దూరం ఎప్పుడు వెళ్లిందా అనుకున్నాను.

పరీక్ష గురించి పెద్దగా చెప్పడానికి ఏమీ లేదు. నిన్ను ఎత్తుకుని నేను కాలేజీ చెట్టు కింద కూర్చున్నాను. మీ అమ్మ బయటికి వచ్చి, "ఆ సారు నన్ను విచిత్రంగా సూసినాడత్తా. మీట నొక్కే ముందర కళ్లు మూసుకున్నానని" అంది. అంతే. పాసయింది. మీ తాత స్టూడియోకు వచ్చిన గుండోళ్లందరికీ లడ్డు పంచాడు. వాళ్ల దగ్గరే బుట్టలు బుట్టలు లడ్లు ఉంటే, వాళ్లకు మళ్లీ లడ్డు!

కానీ నేను చెప్పాలనుకున్నది పాసయిన సంగతి కాదు. ఆ తర్వాత ఆపా ఒక మధ్యాహ్నం మన ఇంటికి వచ్చింది. నీకిచ్చిన ఆవాల దిండు తీసుకుపోవడానికి వచ్చింది. పుట్టిన బిడ్డ తల కింద ఆవాలు నింపిన చిన్న దిండు పెడతారు, తల గుండ్రంగా కుదరాలని. వాళ్లింట్లో అన్ని దిండ్లూ అమ్ముతారు గానీ ఆవాల దిండు అమ్మరు. వీధిలో బిడ్డ పుట్టిన ఇంటికి ఊరికే ఇస్తారు, తల కుదిరాక వాళ్లే వచ్చి తీసుకుపోతారు. నువ్వు నిద్రపోతున్నావు. ఆపా నీ తల కింద అరచెయ్యి పెట్టి, మామిడిపండు చూసినట్టు అటూ ఇటూ చూసింది. "బాగా కుదిరినాదక్కా. ఇంక దీన్ని తియ్యాల" అని మెల్లగా దిండు లాగేసింది.

"ఇంకో నెల ఉండనీరాదా ఆపా? దానికి అలవాటైపోయింది" అన్నాను.

"అలవాటైపోయినందుకే తియ్యాల. ఇంకా పెట్టినామంటే బిడ్డ తల తిప్పడం మానేస్తాది" అంది.

దిండు చంకలో పెట్టుకుని వెళ్లిపోతుందనుకున్నాను. వెళ్లలేదు. కంప్యూటర్ ముందు కూర్చుంది. మీ అమ్మ సంతోషంగా కుర్చీ జరిపి, కొత్తగా రాసినవన్నీ చూపించబోయింది. ఆపా చూసింది, బాగుందంది. తర్వాత ఆ నీలందాన్ని మొత్తంగా తీసేసింది. మేం చూస్తుండగానే. కంప్యూటర్ అడిగింది, నిజంగా తీసేయమంటావా అని. ఆపా అవునంది.

మీ అమ్మ కేక పెట్టింది. "ఏమి ఆపా ఇట్ల చేసినావు! దాంట్లోనే కదా నేను పాసైంది! ఆ మీటలన్నీ ఇప్పుడిప్పుడే నా చేతికి వచ్చినాయి!"

"నువ్వు రాసిన ప్రోగ్రాములు యాడికీ పోలేదు. అవి ఉండాయి. ఇల్లే పోయింది."

"ఒక మూల ఉండనీ ఆపా, అది మనల్ని ఏం చేసినాది!"

"పరీక్ష కోసరం ఇచ్చినా. పరీక్ష అయిపోయింది. నువ్వు ఉద్యోగం చేస్తానంటా ఉండావు. మీ తమ్ముడు ఆనాడు సెప్పిందే నిజం. ఇప్పుడు వాడి మాట వినాల్సిన రోజు వచ్చినాది."

ఆపా ఆ మూడో రకం, నల్ల తెరది, వేసి తెరిచింది. మీ అమ్మ నీలంలో రాసుకున్న ప్రోగ్రాంను దాంట్లో నడిపింది. నల్ల తెర నిండా తప్పులు. ఒకదాని కింద ఒకటి, తెర పట్టనంత. మీ అమ్మ ఆ నల్లటి గోడను చూసి రెండు చేతులతో మొహం కప్పుకుంది. పరీక్షలో పాసైన పిల్ల పాపా, నిన్నటిదాకా లడ్లు పంచిన ఇల్లు! నాకు ఆపా మీద కోపం వచ్చింది. "ఎందుకమ్మా ఏడిపిస్తావు దాన్ని?" అన్నాను. ఆపా నా వైపు చూడలేదు. కుంచె తీసి మీటల మీద లేని దూదిని ఊడుస్తూ, "హేమా, అన్నీ సూడాకు. మొదటిది ఒక్కటే సదువు. బయటికి సదువు" అంది.

మీ అమ్మ మొహం మీది నుంచి చేతులు తీసింది. మొదటి వరస చదివింది. "ఇప్పుడు అది ఏమంటా ఉండాదో నువ్వు సెప్పు." మీ అమ్మ చెప్పింది. "అయితే దానికేమి కావాలో ఇయ్యి." పాత ఇంట్లో పనికొచ్చి ఇక్కడ పనికిరాని మాట ఒకటి ఉంటే తీసేసింది. మళ్లీ నడిపితే తప్పులు సగం అయ్యాయి. బయట కొండ మీద మబ్బు పట్టింది, గదిలో వెలుగు తగ్గింది, నేను పొయ్యి మీద పాలు పొంగించుకున్నాను. వాళ్లిద్దరి గొంతులూ మంత్రాలు చదివినట్టు నడుస్తూనే ఉన్నాయి. ఒకరు తప్పు చదవడం, ఒకరు ఊఁ అనడం. నువ్వు నిద్రలో ఎడమ పక్కకు తిరిగావు.

ఆపా రోజూ వచ్చేది కాదు. తర్వాత అడిగితే కూడా ఒకటే మాట, "మొదటిది సదువు." మీ అమ్మ తెల్ల తెరలో రాస్తుంటే ఆపా వచ్చి, రేపు నల్లదాంట్లో రాయమనేది. నల్లది చేతికొచ్చిందంటే తెల్లదాంట్లోకి పొమ్మనేది. మీ అమ్మ విసుక్కునేది. "ఈమెకు నేను యాడా కుదురుగా కూచోడం ఇష్టం లేదత్తా" అనేది. అన్నా కూడా వెళ్లి కూర్చునేది.

కొన్ని నెలలకు చిత్తూరులో ఒక చిన్న ఆఫీసులో ఉద్యోగానికి పిలుపు వచ్చింది. మీ అమ్మ ఒక్కతే బస్సులో వెళ్లింది. నేను వాకిట్లో, ఆపా వాళ్ల అంగడి మెట్ల మీద, ఇద్దరం సాయంత్రం దాకా వీధి మొగదల కేసి చూస్తూనే ఉన్నాం. మీ అమ్మ బస్సు దిగి ఇంటికి రాలేదు, నేరుగా ఆపా అంగడి మెట్లెక్కింది. నేను నిన్ను చంకనేసుకుని పరుగెత్తాను.

"ఏమడిగినారు?" అంది ఆపా.

"ముందర కంప్యూటర్ కాడ కూచోబెట్టి, నీకు సీ దేంట్లో రాసేది అలవాటు, అది ఏసి ఇస్తాము అన్నారు."

"నువ్వేమి సెప్పినావు?"

"మీ దాంట్లో ఏదుంటే అదే పెట్టండి సార్, రవంత సేపు సూసుకోనిస్తే సాలు అన్నాను."

"పెట్టినారా?"

"పెట్టినారు. నేను ఎప్పుడూ సూడనిది. రవంత సేపు సూసుకున్నాను. సోమవారం నుంచి రమ్మన్నారు ఆపా."

నేను మీ అమ్మను పట్టుకుని ఏడ్చాను. ఆపా ఏడవలేదు, నవ్వలేదు, శభాష్ అనలేదు. లోపలికి తిరిగి గట్టిగా పిలిచింది. వాళ్లాయన భుజాల దాకా దూదితో వచ్చాడు. అత్త చేతిలో సూది పట్టుకునే వచ్చింది. ఆపా వాళ్లిద్దరినీ మెట్ల మీద నిలబెట్టి, మీ అమ్మ వైపు తిరిగి, "వాళ్లకు ఏమి సెప్పినావో ఇంకొకసారి సెప్పు. వీళ్లు వినలేదు" అంది.

మీ అమ్మ మళ్లీ చెప్పింది.